నిలబడినా అదే ఖర్చు

మార్చి 3, సోమవారం

దుప్పట్లు రెండు, దిండు గలీబులు ఆరు ఉతికాను. వంటింటి అలమర దులిపాను. గ్యాసు సిలిండరు మార్చాను. మేడమీద వాళ్ళ అద్దె వచ్చింది. చిన్నదాని పరీక్ష ఫీజు కట్టాను. ఈయన చొక్కాలకు గుండీలు మూడు. గుర్రానికి ఫిబ్రవరి బిల్లు వచ్చింది.

బిల్లు రెండుసార్లు కూడాను. తిండి, తాలీము, చూసుకునే మనిషి జీతం కలిపి ఇరవై రెండు వేలు. లాడాలు రెండు వేల రెండు వందలు. డాక్టరు, మందులు పద్దెనిమిది వందలు. పళ్ళు అరగదీసినందుకు తొమ్మిది వందలు. పందెంలో దిగని నెల కాబట్టి జాకీ ఖర్చు, బండి ఖర్చు లేవు. అయినా ఇరవై ఆరు వేల తొమ్మిది వందలు. వడ్డీ, అద్దె కలిపి మాకొచ్చేది నెలకు ముప్పై ఒక్క వేలు.

నా పన్ను నొప్పి సంగతి వచ్చే నెల చూసుకోవచ్చు.

డిసెంబరు దాకా గుర్రంలో సగమే మాది. మిగతా సగం బట్టల షాపాయనది. ఆయన చిల్లిగవ్వ కూడా వద్దని తన సగం రాసిచ్చేసి పోతే, ఊరికే వచ్చిందని ఈయన సంబరపడ్డారు. చిన్నది ఒక్కటే అడిగింది. "ఏ సగం వదిలేశాడు నాన్నా? తినే సగమేనా?"

జనవరిలో గుర్రం ఇన్సూరెన్సు మళ్ళీ కట్టలేదు. నేనే వద్దన్నాను. ఏడాదిగా కట్టినదంతా ఏమైంది? ఏమీ కాలేదు. ఆదా పద్దెనిమిది వేలు.

మార్చి 6

ఈయన తెల్లవారకముందే మైదానానికి వెళ్ళి, ఎనిమిదింటికి బూట్లకు మట్టితో వచ్చారు. గడప దగ్గరే మొదలుపెట్టారు. చుక్క ఇవాళ ఎంత బాగా పరిగెత్తిందో, పక్క గుర్రాన్ని ఎలా ఉడికించిందో. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని ఇంట్లో చుక్క అంటాం. పందెం కాగితాల్లో దానికి వేరే పెద్ద పేరుంది. అది ఎవరూ పలకరు.

సీసాల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎనిమిది నెలలు ఈయన ముందు గదిలో కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. తిన్నారా అంటే తిననిరోజు కూడా తిన్నాననేవారు. మిషన్ల హోరులో ఇరవై ఏడేళ్ళు చేసి చెవులు సగం పోయాయి. వినబడక మాట్లాడటం లేదనుకున్నాను కొన్నాళ్ళు. తర్వాత ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన డబ్బులో కొంత పెట్టి ఈ ఆడ గుర్రంలో సగం కొన్నారు. కొన్నాక చెప్పారు. నేను అరవలేదు. ఆ రోజు ఈయన రెండోసారి వడ్డించుకున్నారు.

అది ఏ పద్దులో రాయాలో తెలియక రాయలేదు.

మార్చి 9, ఆదివారం

వదిన వచ్చింది. అంటే ఈయన అక్క. జనవరి, ఫిబ్రవరి గుర్రం బిల్లులకు తన దగ్గరే యాభై వేలు తీసుకున్నాం. అడగడానికి రాలేదు. అడగడానికి రాలేదని మూడుసార్లు చెప్పింది.

"ఏమ్మాయ్, మహారాణిగారు కులాసాయేనా?"

"బాగానే ఉంది వదినా."

"బాగుండక. నా మోకాలికి మందు రాయమంటే మావాడు మూడు షాపులు తిరిగి చవకది తెచ్చాడు. దాని కాళ్ళకి మాత్రం నెలనెలా కొత్త చెప్పులు."

"నెలకోసారి కాదు అత్తా, మూడు వారాలకోసారి," అంది చిన్నది.

"అది సంపాదిస్తుందే అక్కా," అన్నారు ఈయన. ఆ మాట మాత్రం బాగానే వినబడింది.

"ఎప్పుడ్రా? నేను పోయాకా?"

కిందటేడు ఒకసారి పందెంలో మూడోదిగా వచ్చింది. నలభై వేలు. ట్రైనర్‌కు, జాకీకి, అక్కడి పనివాళ్ళకు పోగా ముప్పై. అందులో సగం బట్టల షాపాయనకు. మాకు పదిహేను. నేనే వదినకు చెప్పబోయి ఊరుకున్నాను. ఆ నెల ఖర్చు ఎంతని అడిగేది.

వదిన కంటికి పొర వచ్చింది. పక్క ఊరి ఆసుపత్రిలో ఇరవై ఒకటిన ఆపరేషను. తోడు ఈయన వెళతారు.

మార్చి 14

చుక్క పేరు ఇరవై మూడో తారీకు పందేనికి ఇచ్చారు. ప్రవేశానికి మూడు వేలు. మొదటి బహుమతి లక్షన్నర. అందరికీ పోగా లక్షా పన్నెండున్నర వేలు చేతికొస్తాయి. ఇప్పుడు సగం వాటా ఎవరికీ ఇవ్వక్కర్లేదు. వదినకు యాభై. మిగిలేవి అరవై రెండున్నర.

మూడోదిగా వచ్చినా ముప్పై.

జాకీ చొక్కా తెప్పించి చంక కింద కుట్టు విప్పి మళ్ళీ వేశాను. ఆకుపచ్చ చొక్కా, పసుపు చేతులు. మొదట్లో బయట కుట్టిస్తే నాలుగు వేలన్నారు. బట్టల షాపాయన ఇచ్చిన ముక్కలతో నేనే కుట్టాను. దూరం నుంచి ఏ తేడా తెలియదన్నాడు ట్రైనర్.

మార్చి 15

సింకు పైపు బాగు చేయించాను. 350.

మార్చి 18, మంగళవారం

పొద్దున ఈయన నన్ను కూడా లాయానికి తీసుకెళ్ళారు. నడవా అంతా తడిగా ఉంది. ఒక్కో తలుపు మీంచి ఒక్కో తల. చుక్క వెనక కాలు ఒకటి మడిచి నిలబడి ఉంది. ఈయన కిందికి వంగి నా చెయ్యి లాగారు.

"ఇదిగో, ఈ కాలు పట్టుకో. ఇప్పుడు ఆ కాలు. తెలుస్తోందా?"

ముందు ఎడమ కాలు, మోకాలి కింద వెనకవైపు. వేడిగా ఉందట. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. తెలుస్తోందన్నాను. ఈయన నా ముఖంలోకి చూశారు, ఎవరో ఒకరు నమ్మినందుకు.

డాక్టరు కూడా నొక్కి చూశాడు. "ఏమీ కాకపోవచ్చు. నరం సాగి ఉండనూవచ్చు. స్కాన్ తీస్తే తెలుస్తుంది. తీయకపోతే రెండు నెలలు నడకే."

స్కాన్ ఆరు వేలు.

ట్రైనర్ తల గోక్కున్నాడు. "చల్లనీళ్ళు పడితే తగ్గుతుంది సర్. నేను ఇంతకన్నా వేడి కాళ్ళతో గెలిచినవాటిని చూశాను. ఆపైన మీ ఇష్టం. పేరు తీయాలంటే గురువారం పదింటి దాకా టైముంది."

ఈయనకు వినబడలేదు. నేను చెవి దగ్గర చెప్పాను. "వద్దు. పేరు తీసేద్దాం," అన్నారు. చుక్క మెడ మీద చెయ్యి తీయకుండానే.

బయటికి వచ్చేటప్పుడు నేను ఒక్కమాట అడిగాను. "ఈ రెండు నెలలూ నడకే అంటే, ఫీజు ఏమైనా తగ్గిస్తారా?"

ట్రైనర్ నవ్వాడు. "నిలబడినా తింటుంది కదమ్మా."

రెండు నెలలకు యాభై నాలుగు వేలు. రాబడి లేదు. వదినను మళ్ళీ అడగాలి.

మార్చి 20, గురువారం

పరదాలు ఉతికాను. ఇస్త్రీ పద్నాలుగు. ఈయన తెల్లవారుజామున వదినతో బస్సెక్కారు. ఆదివారం సాయంత్రం తిరిగొస్తారు. వెళుతూ చెప్పారు. "ట్రైనర్ నీ ఫోనుకే చేస్తాడు. పేరు తీసేయమని చెప్పు. మర్చిపోకు."

"నేనెప్పుడు ఏం మర్చిపోయాను?"

ఈయన ఫోన్లో ఎవరితోనూ మాట్లాడలేరు. అన్నీ నేనే విని చెప్పాలి. అలవాటే.

తొమ్మిదిన్నరకు ట్రైనర్ చేశాడు.

"ఏం చెయ్యమంటారమ్మా? పేరు తీసేయాలంటే రెండున్నర వేలు జరిమానా. డాక్టరు కాగితమిస్తే అది ఉండదు. స్కాన్ లేకుండా ఆయన కాగితం ఇవ్వనంటున్నాడు."

"పరిగెత్తనందుకు డబ్బు కట్టాలా?"

"రూలమ్మా. అందరికీ అంతే."

"ప్రవేశానికి కట్టిన మూడు వేలు?"

"అవి రావు."

కాలు ఇవాళ ఎలా ఉందని అడిగాను. నిన్నటికన్నా నయమన్నాడు. మీదైతే ఏం చేస్తారని అడిగాను.

"నాదైతే దింపుతాను. కానీ నాది కాదు కదా."

అటునుంచి బకెట్టు చప్పుడు, ఎవరినో ట్రైనర్ కేకేయడం వినబడ్డాయి.

"ఉండనివ్వండి," అన్నాను.

ఈ ఇంట్లో వాడనిదానికి ఏనాడూ డబ్బు కట్టలేదు. పాలవాడు రాని రోజుకు పాల డబ్బు ఇవ్వలేదు. స్కానుకు ఆరు వేలూ ఇవ్వను, జరిమానా రెండున్నరా ఇవ్వను. కాలు నిన్నటికన్నా నయం. తగ్గుతోందనేగా అర్థం.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "వీడు నన్ను నిలవనీయడం లేదు. ట్రైనర్ ఫోన్ చేశాడా అని."

"చేశాడు వదినా. మాట్లాడాను."

"మాట్లాడిందటరా," అని అటు తిరిగి అరిచింది. ఈయన సరేనన్నది నాకు కూడా వినబడింది.

అడిగినదానికి జవాబు చెప్పాను.

మార్చి 22

కిటికీలు తుడిచాను. అన్నీ. మళ్ళీ ముందు గదిలోవి.

మార్చి 23, ఆదివారం

వంట పొద్దున్నే ముగించాను. మార్కెట్టుకు వెళుతున్నానని చిన్నదానితో చెప్పి పందేల మైదానానికి వెళ్ళాను. టికెట్టు 100. గెలిస్తే ఈయన బస్సు దిగగానే చెబుదామని. ముందు కోప్పడతారు. తర్వాత ఎన్నిసార్లు చెప్పించుకుంటారో.

మూడో పందెం. తొమ్మిది గుర్రాలు. అంత దూరంలో కూడా నా చొక్కా తెలిసింది. కుడి చెయ్యి ఎడమదానికన్నా కాస్త వదులు. ట్రైనర్ నన్ను చూసి చెయ్యెత్తాడు. చుక్క బాగుంది. నాకు గుర్రాల సంగతి తెలియదు కానీ బాగుంది. మెడ మెరుస్తోంది.

మలుపు దగ్గర మూడోది. నేను లోపల ముప్పై అనుకున్నాను. రెండోదాన్ని అందుకోబోతోంది.

ముందు ఎడమ కాలు అక్కడ లేనట్టు ఒక అడుగు వేసింది.

తర్వాత మిగతావి దాన్ని దాటి వెళ్ళిపోయాయి. నా చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా అరుస్తూనే ఉన్నారు. వాళ్ళ గుర్రాలు ఇంకా పరిగెడుతున్నాయి.

ట్రైనర్ నన్ను వెతుక్కుంటూ వచ్చి కంచె దాటించాడు. అప్పటికే చుట్టూ గుడ్డ తెరలు పట్టుకున్నారు. చుక్క మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. నాలుగోది వేలాడుతోంది. చూసుకునే మనిషి కళ్ళెం పట్టుకుని దాని ముఖం తన వైపు తిప్పుకున్నాడు. అది అతని చొక్కా చెయ్యి నోట్లో పెట్టుకుని నములుతోంది, ఏమీ కానట్టు. చెవులు మాత్రం మాటిమాటికీ జనం అరుపుల వైపు తిరుగుతున్నాయి.

డాక్టరు అదే డాక్టరు. "యజమాని ఏరి?"

"ఊళ్ళో లేరు. నేను ఆయన భార్యని."

"విరిగిపోయిందమ్మా. అతకదు. నొప్పి తెలియకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ తప్ప దారి లేదు. ఇక్కడ సంతకం చెయ్యండి."

"ఎంతవుతుంది?" అన్నాను.

కాలు బాగుచేయడానికి ఎంతవుతుందని నేను అడిగింది. ఆయన అలా అనుకోలేదు. నన్ను చూసి, కాగితం ట్రైనర్ చేతికిచ్చాడు. ట్రైనర్ నా ముఖం చూడకుండా, "సంతకం చెయ్యండమ్మా," అన్నాడు. చేశాను. గీత మీదే చేశాను.

తిరిగొచ్చేటప్పుడు మార్కెట్టుకు వెళ్ళి కూరలు కొన్నాను. 240. వెళుతున్నానని చెప్పి వచ్చాను కదా.

నేను చెప్పేలోపే ఈయనకు తెలిసింది. బస్టాండులో బట్టల షాపాయన ఎదురుపడి చెప్పాడట. ఈయన గుమ్మంలో బూట్లు విప్పకుండా నిలబడ్డారు.

"దింపాడటే?"

"అవును. తెలిసి వెళ్ళాను. అప్పటికే..."

"నువ్వు చెప్పావు కదా?"

"మాట్లాడానండీ."

"వద్దని చెప్పినా దింపాడు. వద్దని చెప్పినా," అన్నారు. ఈయన చెవులకు అలవాటైపోయింది, జవాబు కోసం ఆగరు.

మార్చి 24

జాకీ చొక్కా పంపారు. ఉతికాను. మట్టే. పోయింది.

మార్చి 25

ఈయన లాయానికి వెళ్ళి ట్రైనర్‌తో గొడవ పడ్డారట. చొక్కా గుండీ తెగి ఉంది. కుట్టాను.

మార్చి 28

ఈయన పందేల క్లబ్బుకు ఫిర్యాదు రాశారు. కొట్టివేతలు ఎక్కువయ్యాయని, నా రాత బాగుంటుందని, నన్ను శుభ్రంగా రాయమన్నారు. మూడు పేజీలు. 'ఇరవయ్యో తారీకున మా ఇంటినుంచి పేరు తీసేయమని చెప్పినప్పటికీ' అని మొదటి పేజీలోనే ఉంది. ట్రైనర్ లైసెన్సు రద్దు చేయాలని మూడో పేజీలో.

రాశాను. ఒక్క కొట్టివేత లేదు.

ఈయన చదువుకుని, "బాగా రాశావు," అన్నారు. సోమవారం ఇస్తారట. క్లబ్బు ఆఫీసుకు శని, ఆదివారాలు సెలవు.

నన్ను ఎవరూ అడగలేదు. ఏం చెప్పావని ఒక్కరూ అడగలేదు.

మార్చి 29, శనివారం

మార్చి బిల్లు కట్టడానికి నేనే వెళ్ళాను. ఆ హంతకుడికి ఏమీ ఇవ్వొద్దన్నారు ఈయన. ఇవ్వాల్సింది ఇవ్వాలి. చుక్క ఉన్న గదిలో అప్పుడే వేరే గుర్రం ఉంది.

ట్రైనర్ డబ్బు లెక్కపెట్టకుండా డ్రాయరులో వేశాడు.

"సర్ అందరి ముందు నా కాలరు పట్టుకున్నారమ్మా. నన్ను నోరు తెరవనివ్వలేదు. తెరిచినా ఆయనకు వినబడదు. నేనూ ఊరుకున్నాను. చల్లనీళ్ళు పడితే తగ్గుతుందన్నది నేనే కదా."

"లెక్క చూసుకోండి," అన్నాను.

"కానీ క్లబ్బువాళ్ళు పిలిచి అడిగితే చెప్పక తప్పదు. నా దగ్గర పద్నాలుగు గుర్రాలున్నాయి. తొమ్మిదిమందికి జీతాలివ్వాలి."

"చెప్పండి."

"అక్కడ అందరిలో నా నోటినుంచి వింటే ఆయనకెలా ఉంటుందో చూసుకోండి మరి."

కళేబరం తీసుకెళ్ళిన బండికి నాలుగు వేలు. అది వేరే బిల్లు. అదీ కట్టాను.

మార్చి 30

పన్ను పీకించుకున్నాను. ఆగడానికి ఇక ఏ కారణమూ లేదు.

మార్చి 31, సోమవారం

ఈయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఫిర్యాదు కవరు జేబులో పెట్టుకున్నారు. చిన్నది కాలేజీకి వెళ్ళిపోయింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నేనే ఉండనివ్వమన్నాను," అన్నాను.

"ఏంటి?"

"ట్రైనర్ ఫోన్ చేస్తే. నేనే ఉండనివ్వమన్నాను."

"గట్టిగా చెప్పవే. పన్ను పీకించుకుని గొణుగుతావు."

కాగితం మీద రాసి ఇవ్వొచ్చు. అది తోచింది. కానీ అలా చేయబుద్ధి కాలేదు. గొంతెత్తి చెప్పాను. "పేరు తీయొద్దన్నాను. జరిమానా కట్టాలంటే ఇష్టం లేక. చుక్కను దింపమన్నది నేను. ట్రైనర్ కాదు. నేను."

మేడమీద టీవీ ఆగిపోయింది. వాళ్ళకూ అర్థమైంది.

ఈయన ఒక్కటే అడిగారు.

"జరిమానా ఎంత?"

"రెండున్నర వేలు."

"ఎంత?"

మొదటిసారే వినబడిందని నాకు తెలుసు. మళ్ళీ చెప్పాను.

కవరు తీసి నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పెట్టారు. ముందు గదిలోకి వెళ్ళారు. కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఎటు తిప్పారో వెళ్ళి చూడలేదు.

ఏప్రిల్ 1

తిన్నానన్నారు.

ఏప్రిల్ 2

తిన్నానన్నారు.

ఏప్రిల్ 4

వదిన వచ్చింది. కంటికి నల్లద్దాలు. ఈయన దగ్గర కూర్చుని, లేచి వంటింట్లోకి వచ్చింది. ఎవరు చెప్పారో, తనకీ తెలుసు. తిడుతుందనుకున్నాను. "నా యాభై వేలకి తొందరేం లేదు," అంది. వదిన నోట అంత మెత్తని మాట ఎప్పుడూ వినలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"రెండున్నర వేలకా అమ్మాయ్?" అంది వెళ్ళేముందు.

ఈ నెల గుర్రం ఖర్చు లేదు. అద్దె, వడ్డీ కలిపి ముప్పై ఒకటీ మిగిలి ఉన్నాయి. ఏం చేయాలో తోచలేదు.

ఏప్రిల్ 5

ఈయన పొద్దున్నే లేచి ఎక్కడికో వెళ్ళారు. మైదానానికి కాదు. రాత్రికొచ్చారు. చిన్నది అడిగితే, లారీల తూకం కాంటా దగ్గర పనికి కుదిరానన్నారు. బరువు చూసి చీటీ రాయడమే, చెవులతో పని లేదు.

నేను వంటింట్లోంచి విన్నాను.

ఏప్రిల్ 8

ఈయన చొక్కాల నిండా సిమెంటు దుమ్ము. విడిగా నానబెట్టాను.

ఏప్రిల్ 12, శనివారం

ఇస్త్రీ తొమ్మిది. నీళ్ళ ట్యాంకు కడిగించాను. 400. చిన్నదానికి పుస్తకాలు. 650.

ఈయనకు మొదటి వారం కూలి ఇచ్చారు. నాలుగు వేల రెండు వందలు. వచ్చి కాళ్ళు కడుక్కుని, నేను ఇదే పుస్తకం ముందు కూర్చుని ఉంటే, ఎదురుగా కూర్చున్నారు. పన్నెండు రోజుల్లో నా ఎదురుగా కూర్చోవడం ఇదే. నోట్లు తీసి వేలు తడి చేసుకుని లెక్కపెట్టారు. కొన్ని పక్కన పెట్టి, మిగతావి నా వైపు జరిపారు. లెక్కపెట్టాను. రెండు వేల ఐదు వందలు.

"ఇవి దేనికండీ?"

"దాని పేరు తీయించడానికి."

నేను ఈయన వైపు చూశాను. ఈయన నోట్ల వైపు చూస్తున్నారు. వేళ్ళ సందుల్లో ఇంకా సిమెంటు ఉంది.

"నన్నడిగుంటే తెచ్చేవాణ్ణి," అన్నారు. గొంతు పెంచలేదు. ఈయన అంత నెమ్మదిగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

తర్వాత పుస్తకం నా ముందుకు జరిపారు. "రాసుకో."

పేరు తీసేసినందుకు జరిమానా, రెండున్నర వేలు. చెల్లు.